వీపుసంచి – కొనుటకు ముందు కొలువవలసినది

సంచి మన గృహములకు క్రొత్త వస్తువు కాదు. బియ్యమునకు గోనెసంచియు, కూరగాయలకు గుడ్డసంచియు, వక్కాకులకు తిత్తియు మన పెద్దలనాటినుండియు నున్నవే. అవి చేత వ్రేలాడి, పని తీరినంతనే మేకునకు చేరునవి. ఈ కాలమున నొక సంచి యట్లు గాక, మనుష్యుని దేహమునకే యంటుకొని దినమునకు గంటలకొలది యుండుచున్నది. బడికి పోవు నాఱేండ్ల బాలిక మొదలుకొని, ఉద్యోగమునకు పోవు కోడలును, తీర్థయాత్రకు పోవు నత్తగారును దానిని వీపున తగిలించుకొనుచున్నారు. లోకులు బ్యాక్‌ప్యాకు అని పిలుచు నీ వస్తువును మేమిచట వీపుసంచి యని వ్యవహరింతుము.

చీర కొనునపుడు అంచును, నేతను, రంగు నిలుకడను చేతితో నలిపి చూచు గృహిణులు, వెండిగిన్నె కొనునపుడు తూకము రెండుమాఱులు వేయించు గృహిణులు, వీపుసంచి విషయమున మాత్రము పైబొమ్మను, వెలను చూచి తృప్తి నొందుచున్నారు. చీర చెడిన ధనము పోవును. సంచి తగనిదైన దాని ఫలమును మెడయు, భుజములును, నడుమును ప్రతిదినము అనుభవింపవలసి యుండును. కావున సంచి కొనుటకు ముందు కొలువవలసినది సంచిని గాదు, మోయువారి వీపును. తూచవలసినది సంచి వెలను గాదు, నిండిన సంచి బరువును. ఈ రెండు మాటలనే మా సోదరీమణులకు విశదపఱుప నెంచుచున్నాము.

బరువు మోయు విద్య

బరువు మోయుటలోని మర్మము మన స్త్రీలకు పూర్వమునుండియు తెలిసినదే. నీళ్లకడవను తలకెత్తునపుడు చుట్టకుదురు పెట్టుకొనుట యెందులకు? బరువు ఒక్కచోట గ్రుచ్చుకొనక నలుదిక్కులకు పరచుకొనుటకు. బిందెను చంకనిడుకొనునపుడు దాని యడుగు తుంటియెముకపై నానుట యెందులకు? కండరముకంటె ఎముక బరువునకు చక్కని యాధార మగుటచేత. కావడిబద్దకు రెండువైపుల కుండలు వ్రేలాడదీయుట యెందులకు? ఒకవైపే భారమైన నడుము వంగిపోవుటచేత. చుట్టకుదురు, తుంటి, కావడి – మంచి వీపుసంచిలో నీ మూడును ఇమిడియున్నవి. మెత్తని వెడల్పైన భుజపుపట్టీలు చుట్టకుదురువంటివి. తుంటిపై బిగియు నడుముపట్టీ చంకబిందెకు మాఱు. రెండుభుజములకు సమముగా పంచబడిన భారము కావడి నీతి.

ఒక పట్టీని మాత్రమే భుజమునకు తగిలించుకొని నడచుట నేటి యువతీయువకులలో వేడుకగా నున్నది. ఇది కావడిలో నొక కుండను తీసివేసి రెండవదానితో నడచుట వంటిది. ఆ భుజము పైకి లేచును. నడుము రెండవవైపునకు వంగును. మెడకండరములు విశ్రాంతి లేక బిగిసియుండును. పట్టీలు రెండున్నది రెంటిని ధరించుటకే.

నేడు బడిపిల్లలు మోయు సంచికిని, పర్వతములెక్కువారి సంచికిని చుట్టఱికము కలదు. 1967లో అమెరికాలోని సియాటిల్ ప్రాంతమున జాన్‌స్పోర్ట్ అను సంస్థ పుట్టినది. ఆ పేరులోని 'జాన్' ఒక స్త్రీ పేరు. మొదటి సంచులను కుట్టుయంత్రమున కుట్టిన జాన్ లూయిస్ అను నామె పేరే సంస్థకు పెట్టబడినది. కొండలెక్కువారికై కుట్టిన సంచులను ఆ వానల నగరమునందలి విశ్వవిద్యాలయ విద్యార్థులు పుస్తకములు మోయుటకు వాడసాగిరి. అటనుండి యది బడికి, కచేరీకి, రైలుబండికి వచ్చినది. కొండసంచిలోనున్న నడుముపట్టీయు, వీపు కొలతయు మాత్రము దారిలో ననేకపర్యాయములు జాఱిపోయినవి. వానినే మరల వెదకి తెచ్చుకొనవలెను.

పిల్లల బడిసంచి

మన దేశమున బడిసంచి బరువునుగూర్చి గట్టిగా పలికినవారిలో ప్రసిద్ధ రచయిత ఆర్. కె. నారాయణ్ ముఖ్యులు. 1986లో రాజ్యసభకు నియమితులైన వారు తమ తొలి ప్రసంగమును పసిపిల్లల వీపులపై పడుచున్న పుస్తకభారమునకే వినియోగించిరి. 1992లో ప్రభుత్వము ఆచార్య యశ్‌పాల్ అధ్యక్షతను ఒక సంఘమును నియమింపగా, 1993లో నా సంఘము తన నివేదిక నిచ్చినది. 2017లో తెలంగాణ ప్రభుత్వము తరగతులవారీగా సంచుల బరువునకు పరిమితి విధించుచు ఉత్తరువు చేసినది. 2020లో కేంద్ర విద్యాశాఖ బడిసంచి విధానమును ప్రకటించి, పదవ తరగతి వఱకు సంచి బరువు బిడ్డ బరువులో పదవవంతును మించరాదని నిర్ణయించినది.

ఆ విధానమునందలి కొలతలను తల్లులు కంఠస్థము చేయదగును. బడికి ముందటి శిశుతరగతులవారికి సంచియే యుండరాదు. 1, 2 తరగతులకు 1.6 మొదలు 2.2 కిలోలు, 3, 4, 5 తరగతులకు 1.7 మొదలు 2.5 కిలోలు, 6, 7 తరగతులకు 2 మొదలు 3 కిలోలు, 8వ తరగతికి 2.5 మొదలు 4 కిలోలు. 9, 10 తరగతులకు 2.5 మొదలు 4.5 కిలోలు, ఆపై రెండు తరగతులకు 3.5 మొదలు 5 కిలోలు.

ఇప్పుడొక చిన్న లెక్క చూతము. రెండవ తరగతి బాలిక 20 కిలోల బరువున్నదనుకొందము. ఆమె మోయదగినది 2 కిలోలు. బొమ్మలతోను, ఇనుపతళుకులతోను నున్న ఖాళీసంచియే 600 గ్రాములు. లీటరు నీరు సరిగా ఒక కిలో. సీసాతో కలిసి 1100 గ్రాములు. అన్నముతోకూడిన స్టీలు డబ్బా 400 గ్రాములు. మొత్తము 2100 గ్రాములు! ఒక్క పుస్తకమైనను చేరకమునుపే హద్దు దాటినది. బరువంతయు బడివారి తప్పని మనము నిందించుచుందుము. అందు సత్యము లేకపోలేదు. అయినను ఖాళీసంచి, నీళ్లసీసా, అన్నపుడబ్బా – ఈ మూడును తల్లి చేతిలోనివే.

కావున బడిలో మంచినీరు దొరకునని విచారించి తెలిసికొన్నచో, అరలీటరు సీసా చాలును. లేదా ఖాళీసీసాయే చాలును. సంచి ఖాళీగా నున్నపుడు తేలికగా నుండవలెను. ప్రతి రాత్రియు బిడ్డచేతనే మఱునాటి పాఠములపట్టిక చూపించి, ఆనాటికి వలయు పుస్తకములనే పెట్టించవలెను. వారమున కొకపర్యాయము సంచిని తలక్రిందులు చేసి చూచినచో, మొన్నటి రంగుపెట్టె, గతమాసపు నోటుపుస్తకము, గులకరాళ్లు బయటపడును. తూచుట కష్టము కాదు. బరువు చూచు యంత్రముపై బిడ్డను సంచి లేక యొకమాఱు, సంచితో నొకమాఱు నిలువబెట్టుడు. భేదమే సంచి బరువు.

అంగడికి బిడ్డను వెంట తీసికొనిపోయి, సంచిని వీపున తగిలించి చూడవలెను. సంచి వెడల్పు బిడ్డ వీపు వెడల్పును మించరాదు. పైయంచు భుజములకంటె మీదికి లేవరాదు. అడుగు నడుమునకు నాలుగంగుళములకంటె క్రిందికి జాఱరాదు. "పెరుగు పిల్ల గదా, రెండేండ్లు వచ్చును" అని పెద్దసంచి కొనుట పావడాకు చెల్లును గాని సంచికి చెల్లదు. పెద్దసంచి పిఱుదులపై కొట్టుకొనుచు బిడ్డను వెనుకకు లాగును. అందుకు ప్రతిగా నా పసిది ముందునకు వంగి నడచును. అదియుగాక, చోటున్న కొలది సరకు చేరును.

చక్రములుగల సంచి మేలుగదా యని కొందఱడుగుదురు. మెట్లెక్కునపుడు అది పిల్లలకు దెబ్బ తగిలించునని 2020 నాటి విధానమే దానిని వలదన్నది. స్కూటరుపై వెనుక గూర్చుండు బిడ్డ వీపున బరువుసంచి యున్నచో నది బిడ్డను వెనుకకు లాగును. వ్రేలాడు పట్టీ చక్రమున చిక్కుకొనును. అట్టియెడ సంచిని స్కూటరు ముందుభాగమున నుంచుటే క్షేమము.

ఒక మాట మాత్రము స్పష్టముగా చెప్పవలసియున్నది. బడిసంచివలన పిల్లల వెన్నెముక శాశ్వతముగా ప్రక్కకు వంకరపోవునని భయపెట్టువారు కలరు. అట్టి వంకరకు సంచియే కారణమని ఋజువు కాలేదు. భయము వలదు, అశ్రద్ధయు వలదు. భుజముపై పట్టీగుర్తు లెఱ్ఱగా నిలిచినను, చేతులు తిమ్మిరెక్కినను, సంచి తగిలించుకొనునపుడు బిడ్డ మూలిగినను, అవి బరువు తగ్గింపుమని చెప్పు సంకేతములు. నొప్పి విడువకున్నచో వైద్యునికి చూపవలెను.

నిత్యోపయోగపు సంచి

సంచి పరిమాణమును లీటరులతో చెప్పుదురు. పది సెంటీమీటరుల పొడవు, వెడల్పు, ఎత్తుగల పెట్టెలో పట్టునది ఒక లీటరు. కళాశాలకు గాని, ఉద్యోగమునకు గాని పోవు స్త్రీకి 15 మొదలు 20 లీటరుల సంచి చాలును. లాప్‌టాప్ యంత్రమును, అన్నపుడబ్బాను, గొడుగును కూడ మోయవలసినవారికి 25 లీటరులు చాలును. యంత్రమునకు అర కావలసినచో, తెర కొలతను గాక యంత్రమునే తీసికొనిపోయి పెట్టి చూడుడు. ఆ యర వీపునకు దగ్గఱగా నుండవలెను. దాని యడుగు సంచి యడుగునకు తాకక రెండు వ్రేళ్ల యెత్తున నుండవలెను. లేనిచో సంచిని నేల దించిన ప్రతిమాఱు యంత్రమునకు దెబ్బ తగులును.

స్త్రీల దేహమునకు తగిన పట్టీ వేఱు. పురుషుల భుజములకై చేసిన తిన్నని పట్టీలు మనకు ఱొమ్మును ఒత్తుచు చంకలయందు ఒఱయును. పాము వంపువలె కొంచెము వంపుదిరిగిన పట్టీ మేలు. పట్టీలు రెండును జాఱకుండ ముందు కలుపు చిన్నపట్టీ యొకటి యుండును. అది మీదికిని క్రిందికిని జరుపుటకు వీలుగా నుండవలెను. ధనమును, తాళపుచెవులను పెట్టుటకు వీపువైపున లోపలియర యున్నచో గుంపులలో దొంగచేయి చేరదు. మిక్కిలి రద్దీగల బస్సులో సంచిని ముందునకు తిప్పి ధరించుట మర్యాదకును, భద్రతకును అనుకూలము.

ప్రయాణపు సంచి

ప్రయాణమునకు చక్రములపెట్టె యుండగా వీపుసంచి యెందులకని సందేహము కలుగవచ్చును. నున్నని నేలమీద చక్రమునకు సాటి లేదు. కాని రైల్వేవంతెన మెట్లవద్దను, వానబురద దారియందును, మేడమీది సత్రపుగదికి పోవునపుడును ఆ పెట్టెయే చేతిబరువగును. అలిపిరినుండి తిరుమలకు సుమారు 3,550 మెట్లు కలవు. అచట దేవస్థానమువారు కాలినడక యాత్రికుల సామానును ఉచితముగా పైకి చేర్చు నేర్పాటు చేసియున్నారు. అట్టిచోట పెద్దసామాను వారికప్పగించి, నీళ్లసీసాయు, మందులును, తువాలును పట్టు చిన్న వీపుసంచితో ఎక్కుటే తెలివి.

రెండుమూడు దినముల ప్రయాణమునకు 30 మొదలు 40 లీటరుల సంచి చాలును. ఇంత సంచికి నడుముపట్టీ తప్పక యుండవలెను. వీపు కొలుచు విధ మిది: తల వంచినపుడు మెడ మొదట ఎత్తుగా తగులు నెముకనుండి, రెండుచేతులును నడుమున పెట్టుకొన్నపుడు బొటనవ్రేళ్లు వెనుక కలియు చోటివఱకు, వెన్ను వెంబడి కొలబద్దటేపుతో కొలువవలెను. ఎత్తరియైన స్త్రీకి వీపు పొట్టిగాను, పొట్టియామెకు వీపు పొడవుగాను ఉండవచ్చును. అందుచేత ఎత్తును చూచి సంచి నెన్నరాదు. పెద్దసంచులకు వీపు కొలత వ్రాసియుందురు. మీ కొలతతో సరిచూచుకొనుడు.

విమానమెక్కువారు మఱియొక కొలతను గుర్తుంచుకొనవలెను. మన దేశమున విమానసంస్థలలో ననేకము సాధారణ తరగతివారికి చేతిసామాను 7 కిలోలవఱకును, 55, 35, 25 సెంటీమీటరుల కొలతవఱకును అనుమతించుచున్నవి. సంస్థకు సంస్థకు భేదముండును గనుక టిక్కెట్టుపై చూచుకొనవలెను. సెల్‌ఫోనునకు విద్యుచ్ఛక్తి నిచ్చు పవర్‌బ్యాంకును చేతిసామానులోనే యుంచవలెను. అప్పగించు పెట్టెలో పెట్టరాదు. విదేశములలోని బిడ్డలయొద్దకు పోవు తల్లులు సాధారణముగా 100 మిల్లీలీటరులకు మించిన పాత్రలోని ద్రవములను చేతిసంచిలో కొనిపోరాదు. ఆవకాయజాడీ పెద్దపెట్టెలోనికి పోవలసినదే.

గుడ్డ, కుట్టు, జిప్పు

సంచిగుడ్డను నైలాను దారముతోగాని, పాలియెస్టరు దారముతోగాని నేయుదురు. చీటిపై డెనియరు అను మాట కనబడును. తొమ్మిదివేల మీటరుల దారము ఎన్ని గ్రాములు తూగునో అదియే డెనియరు. అంకె పెరిగినకొలది దారము లావగును. సంచి గట్టిదగును, బరువును పెరుగును. అడుగునకు మందపు గుడ్డయు, పైభాగమునకు పలుచని గుడ్డయు ఉన్న సంచి మేలైన కూర్పు.

గుడ్డకంటె ముందు చెడునది కుట్టు. భుజపుపట్టీ సంచితో కలియు మూలను తిరగవేసి చూడుడు. అచట అడ్డముగాను, ఐమూలగాను పెక్కు వరుసలు కుట్టియుండవలెను. లోపలి గుడ్డయంచులు దారములూడక పట్టీతో మూయబడియుండవలెను. కుట్టుపని యెఱిగిన మా సోదరీమణులకు ఈ పరీక్ష నేర్పనక్కఱలేదు. జిప్పును పదిమాఱులు మూసి తెఱచి, మూలలవద్ద పట్టుబడుచున్నదేమో కనుగొనవలెను. నీరు చొరకుండ గుడ్డ లోపల పూత వేయుదురు. ఆ పూత యున్నను కుట్టులగుండ వాననీరు దిగును. కావున వానకాలమునకు తొడుగు వేఱుగా నుండుట మంచిది.

సర్దుటయు, ధరించుటయు

మంచిసంచియు చెడుగా సర్దిన చెడుసంచియే. తేలికబట్టలు అడుగునను, బరువైన వస్తువులు వీపునకు తాకునట్లు నడిమిభాగమునను, తఱచుగా కావలసినవి పైనను ఉంచవలెను. బరువువస్తువు వీపునకు దూరమైనకొలది మనలను వెనుకకు లాగును.

నిండినసంచిని నేలనుండి ఒక్కయూపున భుజమున కెత్తరాదు. మోకాళ్లు వంచి యెత్తి, బల్లపై నుంచి, పిదప చేతులు దూర్చవలెను. పెద్దసంచి ధరించునపుడు మొదట నడుముపట్టీని తుంటియెముకలపై బిగించి, తరువాత భుజపుపట్టీలను, కడపట ఱొమ్ముపట్టీని సరిచేయవలెను. సరిగా కుదిరినచో బరువులో అధికభాగము తుంటిపై నిలిచి, భుజములు తేలికపడును.

సంచిని మాసమునకొకమాఱు ఖాళీచేసి దులిపి, గోరువెచ్చని సబ్బునీటిలో ముంచిన గుడ్డతో తుడిచి, తలక్రిందుగా నీడన ఆరవేయవలెను. చలువపొడులు వాడరాదు. తడిగా మడిచి పెట్టినచో లోపలిపూత జిగటయై పొరలుగా ఊడును. సముద్రతీరపు చెమ్మలో నిది త్వరగా జరుగును. జిప్పు బిగిసినచో క్రొవ్వొత్తిని పండ్లవెంబడి రాచిన జాఱును.

తల్లి సంచి

కడపట నొక్క విషయము. కుటుంబము ప్రయాణమునకు బయలుదేరునపుడు మామగారి మందులు, అత్తగారి కండ్లద్దములు, పెనిమిటి ఫోనుతీగ, పిల్లల తినుబండారములు, తడిగుడ్డలు – అన్నియు తుదకు ఇల్లాలి సంచిలోనికే చేరును. "నీ సంచిలో చోటున్నదా?" అను ప్రశ్నకు ఆమె లేదనుట మే మెఱుగము. బిడ్డ సంచిని తూచు తల్లి తన సంచిని ఏనాడును తూచుకొనదు. ఈ గుణము ప్రశంసింపదగినదే కాని, ఆమె నడుమునకు ఆ ప్రశంస ఊఱట నీయదు.

కావున బయలుదేరుటకు ముందురాత్రి ఇంటిల్లిపాది సంచులను వరుసగా పెట్టి తూచుడు. నడువగల ప్రతివారికిని వారి వారి శక్తికి తగిన సంచి యుండవలెను. ఎవరి వస్తువులు వారి సంచిలో నుండవలెను. ఎనిమిదేండ్ల బాలుడు తన మార్చుబట్టను, తన నీళ్లసీసాను తాను మోయుట చిన్ననాటినుండి నేర్చినచో, పెద్దవాడైన పిదప తన భారమును ఇంకొకరి వీపున మోపడు. ఒక గృహమునందలి సంచులన్నియు తగుపాళ్ల తూగినవన్నచో, ఆ గృహమునందలి పనులును తగుపాళ్ల పంచబడినవని చెప్పవచ్చును. మా సోదరీమణులు మఱునాడే కొలబద్దటేపును, బరువుయంత్రమును చేతబూని యీ పరీక్ష కారంభింతురని నమ్ముచున్నాము.